బాపు చేతికి వాచీ పెట్టని ఫోటో షాపు

ఐదుకు నాలుగు స్టార్లు. ఒకటి ఎందుకు కోశానో కింద రాశాను, అది ఫ్రేముల గొడవ.

హన్మకొండ చౌరస్తా నుంచి లోపలికి పోయే ఒక సందులో, మెట్లెక్కి పైకి పోతే ఉంటుంది ఈ షాపు. పాత ఫోటోలు బాగు చేయడమే వీళ్ల అసలు పని. పాస్‌పోర్టు ఫోటోలు కూడా తీస్తారు కానీ ఆ పనంటే వాళ్లకు పెద్ద ప్రేమ ఉన్నట్టు లేదు. అరవై దాటిన సారు, కంప్యూటర్ ముందు ఆయన బిడ్డ. ఇద్దరే.

నేను తీసుకుపోయింది మా అమ్మా బాపుల ఫోటో. 1969లో, పెళ్లయిన కొత్తలో స్టూడియోలో దిగింది, బ్లాక్ అండ్ వైట్. బాపు అప్పటికి వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లులో చేరాడు. 2023 జూలై వానలకు మా ఇంట్లోకి నీళ్లొచ్చినప్పుడు కింది అరలో ఉన్న ఈ ఫోటో ఫ్రేముతో సహా నానిపోయింది. బాపు ఎడమ చెంప, చెవి ఉండాల్సిన చోట మరక. ముంజేతి మీద ఇంకో మరక. మిగతా ఫోటో అద్దానికి అతుక్కుపోయింది.

మొదట ఇంకో చోట చేయించాం, పేరు వద్దు. మా బామ్మర్ది తీసుకుపోయి గంటలో పట్టుకొచ్చాడు. సెల్‌ఫోన్‌తో ఫోటో కొట్టి ఏదో యాప్‌లో వేసి, రంగులద్ది ఇచ్చారు. బాపు మొహం నున్నగా, పెళ్లిళ్ల వెబ్‌సైటులో పెట్టే అబ్బాయిలా తయారైంది. అమ్మ చీర పచ్చరంగు. అన్నిటికంటే విచిత్రం, బాపు చేతికి గోల్డ్ చైన్ వాచీ. ముంజేతి మీద మరకను ఆ యాప్ వాచీ అనుకున్నట్టుంది. బాపు జన్మలో వాచీ పెట్టలేదు. మిల్లు సైరనే ఆయన గడియారం. మిల్లు మూతపడ్డాక కూడా టైము పక్కింటివాళ్లను అడిగేవాడు తప్ప వాచీ కొనుక్కోలేదు.

మేమంతా నవ్వుకున్నాం. అమ్మ నవ్వలేదు. కొన్నాళ్లకు, దసరాకు వచ్చిన మా చిన్నమ్మతో చెప్తుంటే విన్నాను: "పెండ్లికి మా నాయిన పెట్టిన వాచీ గది. మిల్లుకు పొయ్యేటప్పుడు తీసి నా చేతికిచ్చి పొయ్యేటోడు. నేను బియ్యం డబ్బెనక దాస్తుంటి." బియ్యం డబ్బా కూడా వచ్చేసింది కథలోకి! మా అమ్మ అబద్ధమాడే మనిషి కాదు. కూరగాయలాయన పొరపాటున పది రూపాయలు ఎక్కువ చిల్లర ఇస్తే మమ్మల్ని వెనక్కి ఉరికించే రకం. మతిమరుపు మొదలైందేమోనని నాకు టెన్షన్ పట్టుకుంది.

మా అమ్మాయి సైకాలజీ చదువుతోంది. "నానమ్మకు ఏం కాలేదు డాడీ" అని ఒక ప్రయోగం గురించి చెప్పింది. 2002లో కింబర్లీ వేడ్ అనే ఆవిడ, తోటి పరిశోధకులు కలిసి 20 మంది పెద్దవాళ్లకు వాళ్ల చిన్ననాటి ఫోటోలు చూపించారట. అన్నీ నిజమైనవే, ఒక్కటి తప్ప. ఆ ఒక్కదాంట్లో వాళ్లు వేడిగాలి బెలూన్‌లో ఉన్నట్టు అతికించారు. బెలూన్ ఎక్కింది లేదని ముందే ఇంట్లోవాళ్లను అడిగి తెలుసుకున్నారు. ఒకటి రెండు వారాల్లో మూడుసార్లు కూర్చోబెట్టి అడిగేసరికి, సగం మందికి ఆ బెలూన్ ప్రయాణం ఎంతో కొంత "గుర్తుకొచ్చింది". అబద్ధమాడింది ఫోటో. అమ్మ దాన్ని నమ్మి, ఖాళీలు తనే పూరించుకుంది. యాభై ఏళ్లు కాపురం చేసిన మనిషికే ఇట్లా అయితే, బాపును ఎన్నడూ చూడని మా మనవలు ఏది నమ్ముతారు?

అందుకే అసలు ఫోటో పట్టుకుని ఈ షాపుకొచ్చాను. సారు భూతద్దం పెట్టి చూసి మొదట అడిగిన మాట: "ఇండ్ల ఏమేం పోయిందో నీకు తెలుసా తమ్మీ?" ధర గురించి కాదు, సైజు గురించి కాదు. ఆ వయసులో బాపువి వేరే ఫోటోలు ఏమున్నా తెమ్మన్నాడు. ఇల్లంతా గాలిస్తే మిల్లు గుర్తింపు కార్డు దొరికింది. అందులో బాపు ఎడమ చెవి స్పష్టంగా ఉంది. దాన్ని చూసే చెవి, చెంప కట్టారు. ముంజేతి మరకను మాత్రం ఉత్త చేతిగా సరిచేశారు.

అద్దం సంగతి కూడా చెప్పాలి, చాలామందికి ఇదే సమస్య. ఫోటో కాగితం మీది జిలెటిన్ పొర తడికి ఉబ్బి అద్దాన్ని పట్టుకుంటుంది. లాగితే ఆ పొర, దాంతో బొమ్మ, అద్దానికే ఉండిపోతాయి. వీళ్లు ఊడదీయలేదు. అద్దం శుభ్రంగా తుడిచి, అట్లాగే స్కానర్ మీద పెట్టి 1200 డీపీఐలో (అంటే అంగుళానికి 1200 చుక్కలు) తీసుకున్నారు.

రంగు దగ్గర మా ఇంట్లో పంచాయితీ అయింది. చీర పచ్చదని అమ్మ, ఎర్రదని మా మేనత్త. ఇద్దరూ ఒట్టేస్తారు. సారు చెప్పింది నాకు నచ్చింది: బ్లాక్ అండ్ వైట్ ఫిల్ముకు వెలుతురు ఎంతన్నదే తెలుసు, రంగు తెలియదు, ఎరుపు, పచ్చ రెండూ ఒకే బూడిద రంగుగా దిగొచ్చు. "ఏ రంగు కావాల్నంటే ఆ రంగేస్త. కని అది మీరు చెప్పిన రంగైతది, ఫోటో చెప్పింది కాదు" అన్నాడు. రంగు వద్దన్నాం.

ప్రింటు వెనక చిన్న అక్షరాలతో రాసిచ్చారు: ఎడమ చెంప, చెవి మిల్లు కార్డు ఫోటో ఆధారంగా, ముంజేయి ఊహించి సరిచేసినది. పెన్ డ్రైవ్‌లో రెండు ఫైళ్లు ఇచ్చారు, ఏమీ మార్చని స్కాన్ ఒకటి, బాగు చేసింది ఒకటి. మా బామ్మర్దికి ఇది అస్సలు ఎక్కలేదు. "పైసలిచ్చి మరీ ఎన్క గిట్ల రాయించుకుంటరా బావా ఎవరన్న?" అన్నాడు. నేను ఈ షాపుకు ఎక్కువ మార్కులు వేసింది ఆ రాతకే.

వీళ్లు మడి కట్టుకుని కూర్చున్నారని కాదు. కలిసి ఒక్క ఫోటో కూడా దిగని అమ్మానాన్నలను పక్కపక్కన కూర్చోబెట్టే జాయింట్ ఫోటోలు చేస్తారు, మన దగ్గర సగం ఇళ్లలో ఉండేవి అవే కదా. వెనక "కలిపినది" అని రాస్తారు. పెళ్లి ఫోటోలోంచి అల్లుణ్ని తీసేయమని వచ్చేవాళ్లు కూడా ఉన్నారట. తీసేస్తారట, కానీ అల్లుడున్న స్కాన్ కూడా కవర్లో పెట్టే ఇస్తారట.

అమ్మకు కొత్త ప్రింటు చూపిస్తే మొదటి మాట "వాచీ ఏది?" బాపుకు వాచీ ఎక్కడిదే అంటే, "మరి నేను డబ్బెనక దాసింది ఏంది?" అని నన్నే నిలదీసింది. చెవిని మాత్రం వెంటనే గుర్తుపట్టింది. వాచీ ఫోటో ఇప్పటికీ చుట్టాల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది, దాన్ని ఎవరు ఆపుతారు.

ఇక లోపాలు. ఫోన్ ఎత్తరు. వారం అన్నది దాదాపు నెల పట్టింది. ఫ్రేములు నాసిరకం, మూలల దగ్గర సందు కనిపిస్తుంది; ప్రింటు తీసుకుని ఫ్రేము వేరే చోట కట్టించుకోండి. కొత్త అద్దం ఫోటోకు తగలకుండా మధ్యలో అట్ట పెట్టించడం మర్చిపోవద్దు. మాకు స్కాన్, రిపేరు, ప్రింటు కలిపి పద్నాలుగు వందలయింది. ఉత్త గీతలు, మరకలయితే అందులో సగం కూడా కాదు. సందులో బండి పెట్టే జాగా లేదు. పెత్రమాస ముందు అందరూ పెద్దల ఫోటోలు పట్టుకుని ఒకేసారి వస్తారు కాబట్టి, ఆ లోపే ఇచ్చి రండి.