గ్రాంప్స్: నేను ఏళ్లుగా వాడుతున్నది ఒక్క ఆధారాల పద్ధతి కోసం

వంశవృక్షం బొమ్మ ఏ ప్రోగ్రామైనా గీస్తుంది. నన్ను గ్రాంప్స్ అనే వంశవృక్షం ప్రోగ్రామ్‌కు కట్టిపడేసింది అందులో ఆధారాలు రాసుకునే పద్ధతి. మనిషికి మొత్తంగా ఒకే ఆధారం అని కాకుండా పుట్టుకకు వేరే, పెళ్లికి వేరే, చావుకు వేరే పెట్టుకోవచ్చు. ఒక్కో ఆధారాన్ని ఎంత నమ్మవచ్చో 'చాలా తక్కువ' నుంచి 'చాలా ఎక్కువ' దాకా ఐదు మెట్లలో గుర్తు పెట్టుకోవచ్చు. పత్రంలో ఉన్నది ఉన్నట్టు దాని కిందే నోట్‌గా ఎక్కించుకోవచ్చు. తేదీ సరిగ్గా తెలియనప్పుడు 'సుమారు 1890', '1912కి ముందు' అన్నా తీసుకుంటుంది.

మా ముత్తాత పని వెతుక్కుంటూ వెళ్లి తిరిగి రాలేదు. అక్కడ ఇంకో పెళ్లి చేసుకున్నాడని ఇంట్లో అందరూ నమ్మేవాళ్లు. ఆయన పేరుతో ఉన్న 1923 నాటి భూమి పత్రమే దానికి రుజువని వాళ్ల నమ్మకం. ఆ రెండో కుటుంబాన్ని కూడా కలిపి ఒక బంధువు జెడ్‌కామ్ ఫైలు (వంశవృక్షం వివరాలను ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకోదానికి పంపే ఫైలు) పంపారు. దాన్ని నా డేటాలోకి తెచ్చుకుని గ్రాంప్స్‌లోని తనిఖీ టూల్ నడిపితే, తండ్రి పోయాక బిడ్డ పుట్టినట్టు ఉందని హెచ్చరిక వచ్చింది. బిడ్డ పుట్టింది 1919లో. అదే పేరుతో నాకు దొరికిన మరణ నమోదు 1911 నాటిది. వయసు కొంచెం తేడాగా ఉందని దానికి 'తక్కువ' అని పెట్టి ఉంచాను.

అప్పుడు కూర్చుని భూమి పత్రం మొత్తం అక్షరం అక్షరం ఎక్కించాను. అందులో తండ్రి పేరు వేరు! మరణ నమోదులో ఉన్న తండ్రి పేరు మాత్రం మా వాళ్లదే. భూమి కొన్నాయన ఇంకెవరో, పేరు ఒకటే అయిందంతే. మా ముత్తాత పిల్లల్ని వదిలేసిన మనిషి కాదు, పనికి వెళ్లిన చోటే చనిపోయాడు. రెండు ఆధారాలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే మా మేనత్త ఆ రోజే చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పింది. ఆయన మీద ఇన్నేళ్లుగా ఉన్న నింద పోయినందుకు నాకు ఇప్పటికీ సంతోషమే.

ఒకప్పుడు ఎవరడిగినా ఇదే పెట్టుకోమనేవాణ్ని. ఇప్పుడు కాస్త ఆలోచించి చెబుతున్నాను. తనిఖీ టూల్ తేదీలు పొసగకపోతేనే పట్టిస్తుంది. పేర్లు ఒకటై, తేదీలు కూడా కుదిరిపోతే ఇద్దరు మనుషులు ఒకరిగానే ఉండిపోతారు. నమ్మకం మెట్టు కూడా మనం పెట్టేదే, సాఫ్ట్‌వేర్ తేల్చేది కాదు. పదిమంది పేర్లున్న పత్రమైతే ప్రతివాళ్ల సంఘటనకూ (పుట్టుక, పెళ్లి లాంటివాటికి) దాన్ని తగిలించాలి, అది ఓపికతో చేసే పని. పైగా ఆ శ్రమంతా వేరే చోటికి క్షేమంగా చేరుతుందన్న భరోసా లేదు. ఒక వంశవృక్షం సైటు నా జెడ్‌కామ్ ఫైలు తీసుకుని నోట్‌లన్నీ వదిలేసింది. అందుకే గ్రాంప్స్ సొంత ఫార్మాట్‌లో ఒక బ్యాకప్ ఎప్పుడూ విడిగా ఉంచుకుంటాను.

నేను ఒక్కణ్నే, కంప్యూటర్ ముందు, కాగితాలు పరుచుకుని పనిచేస్తాను కాబట్టి నాకు ఇది సరిపోయింది. చుట్టాలంతా ఫోన్లలోంచి తలో చెయ్యి వెయ్యాలనుకుంటే ఫ్యామిలీసెర్చ్ అనే సైటులోని ఉమ్మడి వృక్షం ఉచితమే. కాకపోతే అక్కడ పూర్వీకుల వివరాలను ఎవరైనా మార్చవచ్చు. మా ముత్తాత విషయంలో నాకు ఆ ధైర్యం లేదు.