వరుసకు తొమ్మిది: ఒక షామియానా దుకాణంతో మా బడి పండుగ

మా ఊరి బడిలో ఎనిమిదో తరగతి పిల్లలను ధవళేశ్వరం తీసుకెళ్లాలని మాస్టారి కోరిక. కోనసీమలో పుట్టి మధ్య డెల్టా కాలువ నీళ్లతో పెరిగిన పిల్లలు, ఆ కాలువ పుట్టే బొబ్బర్లంకను చూసి ఎరగరు. 175 గేట్ల బ్యారేజీ, కాటన్ మ్యూజియం కూడా చూపించి సాయంత్రానికి తిరిగి తీసుకురావాలి. రెండు బస్సులకు ఇంటింటికీ తిరిగి చందాలడగడం ఇష్టం లేక, సంక్రాంతికి ముందు శనివారం బడి ఆవరణలో వంటల పండుగ పెట్టాం. తల్లుల కమిటీలో లెక్కలు నావి కనుక సామాన్ల బేరమూ నా మీదే పడింది.

దుకాణం పేరు రాయను. కాలువ వంతెన దిగగానే గుండిగలు బోర్లించి కనిపిస్తుంది, మా వైపు వాళ్లకు అది చాలు. ఆరు షామియానాలు, 200 కుర్చీలు, వంట సామాను, జనరేటర్, బండి కిరాయి, అన్నీ కలిపి 9,500 రూపాయలు. బేరమాడితే వంద తగ్గించి, మళ్లీ బండికి వంద పెంచాడు.

సామాను నాణ్యత గురించి చెప్పాలంటే, గుండిగలు శుభ్రంగా వచ్చాయి. పొట్టిక్కలు ఉడకబెట్టే పెద్ద పాత్రకు మాత్రం మూత వేరే పాత్రది. పనసాకు బుట్టలు కుట్టి పిండి పోసి కూర్చుంటే ఆవిరంతా పక్కలనుంచి పోయింది. తడి గుడ్డ చుట్టి, పైన రోలు పెట్టి గట్టెక్కాం. షామియానాలు పగటి ఎండకు బాగానే ఉన్నాయి. రాత్రి ఎనిమిది దాటాక చిల్లుల్లోంచి మంచు కారి సరిగ్గా పూతరేకుల బల్ల మీద పడింది. పూతరేకు తేమకు నిలవదని ఆత్రేయపురం వాళ్లెవరైనా చెబుతారు. బల్లను వరండాలోకి మార్చేలోపు ఇరవై రేకులు ముద్దయ్యాయి. తేగలు అమ్మిన వాళ్లకు ఏ బెంగా లేదు, అవి మంచుకు ఏమీ కావు.

జనరేటర్ కుర్రాడి గురించి చెప్పకపోతే తప్పు. ఏడున్నరకు కరెంటు పోయింది. మేము కేకలు వేసేలోపే లైట్లు వెలిగాయి. పదకొండు దాకా అక్కడే కూర్చున్నాడు, పళ్లెం చేతికిస్తే తప్ప తినలేదు. యజమాని కంటే అతని వల్లే ఆ దుకాణానికి మంచి పేరు.

మర్నాడు సామాను తిరిగి అప్పగించేటప్పుడు అసలు గొడవ. పదకొండు కుర్చీలు తక్కువట, ఒక్కొక్కటికీ 500 కట్టాలట. పండుగంతా కలిసి మిగిల్చిన డబ్బులో 5,500 పోతాయంటే నాకు కాళ్లాడలేదు. అదృష్టం కొద్దీ కుర్చీలు దించగానే వరుసల్లో వేసింది పిల్లలే. జనం రాకముందు మాస్టారు తీసిన ఫోటోలో ఇరవైయొక్క వరుసలు, వరుసకు తొమ్మిది. నూట ఎనభై తొమ్మిది! ఫోటో చూపిస్తే యజమాని కాసేపు తల గోక్కుని, "బండిలోనే తక్కువ ఎక్కాయేమోనండీ" అన్నాడు. మోసమా, మతిమరుపా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేదు. నాలుగు గరిటెలకు మాత్రం మారు మాట్లాడకుండా డబ్బు కట్టాను. అవి నిజంగానే మా వాళ్ల ఇళ్లకు చేరాయి. ఒకటి మూడు రోజుల తర్వాత పక్కింటి పులుసు గిన్నెలో కనబడింది.

చిన్న కార్యాలకు ఈ దుకాణం పరవాలేదు. మంచు కాలంలో రాత్రి పూట కార్యమైతే షామియానాలు విప్పి చూసుకుని తీసుకోండి, మూతలు పాత్రల మీద పెట్టించి చూడండి. కుర్చీలు దించుకునేటప్పుడు యజమాని సంతకం చేయించుకోండి. బస్సులు మాట్లాడేశాం. వచ్చే ఏడాది పండుగకూ అక్కడికే వెళ్తాను, ఆ జనరేటర్ కుర్రాడు వస్తానంటేనే.