జేబులో ఏ చాకు మేలు: నాన్నగారిదా, ఒపినెల్లా, స్విస్ చాకా?

కడియం చుట్టుపక్కల నర్సరీల్లో పని చేసేవారికి భుజాన తువ్వాలు, జేబులో చాకు రెండూ ఒంటిమీది బట్టల్లో భాగమే. ఉదయం తోటలోకి వెళ్ళేటప్పుడు చాకు ఉందో లేదో జేబు తడిమి చూసుకోవడం నాకు ముప్పై ఏళ్ళ అలవాటు. అయితే గత ఆరేళ్ళుగా ఆ తడుముకోవడానికి ముందు మరో ఆలోచన వచ్చి చేరింది. నా దగ్గర ఇప్పుడు మూడు చాకులు ఉన్నాయి, వాటిలో ఈరోజు ఏది జేబులోకి వెళ్ళాలి అన్నది ఆ ఆలోచన. ఒకటి నాన్నగారి అంటుకత్తి. రెండోది ఫ్రాన్సులో చదువుకున్న మా అక్క కొడుకు గ్రెనోబుల్ నుంచి తెచ్చిచ్చిన ఒపినెల్ 8వ నంబరు. మూడోది ఓడలో ఇంజనీరుగా పని చేసిన మా బావగారు 1998లో ఇచ్చిన విక్టోరినాక్స్ స్పార్టన్, అంటే అందరికీ తెలిసిన ఎర్ర స్విస్ చాకు. మూడూ మూడు చేతుల నుంచి వచ్చినవి కాబట్టి పదును ఒక్కటే చూసి తీర్పు చెప్పడం నాకు సాధ్యం కాలేదు. అలాగని మమకారం ఒక్కటే చూసి చెబితే పని సాగదు.

ముందుగా నాన్నగారి కత్తి సంగతి చెప్పాలి. లారీ కమాను పట్టీ ముక్కను కొలిమిలో కాల్చి, సాగగొట్టి, ఊళ్ళోని కమ్మరి చేసిచ్చిన మడత కత్తి అది. పిడి చింత చేవ, సీలలు ఇత్తడివి. అలుగుకు ఒకవైపే వాలు ఉంటుంది, రెండో వైపు పలకలా చదునుగా ఉంటుంది. తెలియనివారు చూస్తే సాన సగమే పట్టి వదిలేశారనుకుంటారు కానీ, అంటు కట్టే కత్తికి ఉండవలసిన తీరు అదే. మామిడి అంటు కట్టేటప్పుడు తల్లిచెట్టు నుంచి తీసిన పుల్ల మొనను ఉలిలా చెక్కాలి, మొక్క కాండాన్ని నిలువునా చీల్చి ఆ మొనను అందులో దింపాలి. బెరడుకూ కర్రకూ మధ్య ఉండే పలుచని పచ్చటి పొర రెండు వైపులా ఒకదానికొకటి ఆనితేనే అవి అతుక్కుంటాయి. కోత ఒక్క లాగుడులో, అద్దంలా నున్నగా రావాలి. కత్తి మొద్దుబారితే ఆ పొర నలిగిపోతుంది, కోత ఎగుడుదిగుడైతే మధ్యలో గాలి చేరుతుంది, మూడు వారాలు ఎదురుచూసినా చిగురు రాదు. ఒకవైపే వాలున్న కత్తి చదును వైపు పుల్లకు ఆనుకుని జారుతుంది కనుక కోత వంకర పోదు. నాన్నగారు రోజంతా అంట్లు కట్టి, సాయంత్రం కత్తిని పంచె అంచుతో తుడిచి, నువ్వుల నూనె చుక్క రాసి మడిచేవారు. ఆ మడిచే చప్పుడు వింటే ఇంట్లో అమ్మ అన్నం వార్చేది.

ఆ కత్తిని వెలుతురులో పెట్టి చూస్తే ఒక విషయం కనబడుతుంది. పిడికి ఆనుకుని సానరాయి చేరలేని చోట అలుగు వెడల్పు 20 మిల్లీమీటర్లు ఉంది. అక్కడి నుంచి ఒక్కసారిగా మెట్టు దిగినట్టు తగ్గి, నడుమ 13 మిల్లీమీటర్లే మిగిలింది. పోయిన 7 మిల్లీమీటర్ల ఇనుమూ నాన్నగారు పూట పూటా సానరాయి మీద అరగదీసిందే. నేను వాడినా అది మరికొంత అరుగుతుంది. పెట్టెలో దాచితే ఆ అరుగుదల ఆగుతుంది కానీ, అంటు కట్టని అంటుకత్తి ఆయన కత్తి ఎలా అవుతుందన్న ప్రశ్న అప్పుడు మిగులుతుంది. ఈ మూడింటి పోలికలో నన్ను ఎక్కువగా తిప్పలు పెట్టింది ఇదే.

ఒపినెల్ దీనికి దూరపు చుట్టంలాంటిది. ఫ్రాన్సులో ఆల్ప్స్ కొండల కింద సావోయ్ ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ అనే పనివాడు 1890లో రైతుల కోసం ఈ చాకును రూపొందించాడు. 1897 నాటికి 1 నుంచి 12 వరకు నంబర్లతో పన్నెండు పరిమాణాలు వచ్చాయి. వాటిలో ఎక్కువమంది జేబుల్లోకి చేరింది 8వ నంబరు. అలుగు పొడవు 8.5 సెంటీమీటర్లు, పిడి బీచ్ కర్ర, చేతిలో బరువు ఉన్నట్టే తెలియదు. అలుగు మీద కిరీటం ధరించిన చేతి గుర్తు ఉంటుంది, అది 1909 నుంచి ఉన్న ముద్ర. పిడి మెడలో తిరిగే ఉక్కు ఉంగరాన్ని 1955లో చేర్చారు. ఆ ఉంగరాన్ని కొద్దిగా తిప్పితే తెరిచిన అలుగు పనిలో ఉండగా వేళ్ళ మీదికి మడుచుకోకుండా బిగుసుకుంటుంది. మిగిలినదంతా ఒక అలుగు, ఒక సీల, మెడకు ఒక లోహపు కట్టు, ఒక కర్రముక్క. ఇంత తక్కువ వస్తువులతో ఇంత పూర్తి పనిముట్టు చేయగలగడం నాకు ఎప్పటికీ అబ్బురమే. మన కమ్మరి చేతిలోనూ ఇదే తీరు ఉండేది గనుక దీన్ని మొదటిసారి తెరిచినప్పుడు నాకు కొత్త అనిపించలేదు.

నా ఒపినెల్ కార్బన్ ఉక్కుది. ఇదే చాకు తుప్పు పట్టని ఉక్కుతోనూ దొరుకుతుంది, కొనేవారు ఆ తేడా తెలుసుకుని కొనాలి. కార్బన్ ఉక్కుకు సానరాయి మీద త్వరగా పదును వస్తుంది, నీళ్ళు చల్లిన రాతి మీద పది పదిహేను లాగులు చాలు. అలుగు పలుచన కనుక కూరగాయ, కొబ్బరి పీచు, గోనెతాడు ఏదైనా ఇట్టే తెగుతుంది. కానీ మామిడి జీడి తగిలితే నల్లబడుతుంది, నిమ్మకాయ కోసి తుడవకపోతే మచ్చ పడుతుంది, కోసిన పండుకు కొద్దిగా ఇనుప వాసన అంటుతుంది. ఒక శ్రావణంలో తడిసిన జేబులో రాత్రంతా ఉండిపోయి, తెల్లవారేసరికి ఎర్రటి చుక్కలు తేలింది. ఉప్పు కాగితంతో మెల్లగా రుద్ది, కొబ్బరినూనె రాస్తే తేరుకుంది. అంతకంటే పెద్ద చిక్కు పిడితో వస్తుంది. గోదావరి గాలిలోని తేమకు బీచ్ కర్ర ఉబ్బి అలుగును పట్టేస్తుంది, గోరుతో ఎంత లాగినా రాదు. సావోయ్ వాళ్ళు దీనికి ఒక కిటుకు కనిపెట్టారు. మడిచిన చాకు పిడి వెనుక కొసను బల్ల అంచుకు టక్కున కొడితే అలుగు మొన పైకి తేలుతుంది. మా అక్క కొడుకు ఈ కిటుకు చేసి చూపించిన రోజున ఇంటిల్లిపాదీ ఒకరి తర్వాత ఒకరు బల్లకు కొట్టి చూశారు. ఆ తర్వాత నేను పిడిని ఎండబెట్టి అవిసె నూనె పట్టించాను. ఇప్పుడు వానాకాలంలో కూడా కాస్త బిగువుగానైనా తెరుచుకుంటుంది.

విక్టోరినాక్స్ దారి వేరు. స్విట్జర్లాండులోని ఇబాఖ్ అనే ఊళ్ళో కార్ల్ ఎల్సెనర్ 1884లో కార్ఖానా పెట్టాడు, 1891లో స్విస్ సైన్యానికి చాకులు అందించడం మొదలుపెట్టాడు. తుపాకీ విప్పడానికి స్క్రూడ్రైవరు, డబ్బాలు తెరవడానికి ఓపెనరు ఆ సైనికుల చాకులోనే ఉన్నాయి. 1897లో దానికంటే తేలికైన, మరిన్ని పనిముట్లున్న అధికారుల చాకుకు హక్కులు నమోదు చేయించాడు, మన చేతుల్లోకి వచ్చిన ఎర్ర చాకులన్నీ దాని సంతానమే. నా స్పార్టన్ మడిస్తే 91 మిల్లీమీటర్లు. పెద్ద అలుగు, చిన్న అలుగు, రెండు ఓపెనర్లు, వాటి కొసల్లో స్క్రూడ్రైవర్లు, తోలు గుచ్చే మేకు, కార్క్ లాగే మెలిక, పటకారు, పన్నుపుల్ల ఇందులో ఉన్నాయి. మోటారు వైరు తొక్క తీయడానికి, స్ప్రేయరు బిగించడానికి, వేలిలో దిగిన ముల్లు లాగడానికి దీన్ని మించినది లేదు. కార్క్ మెలిక మనకు దేనికని అందరూ అడుగుతారు. తడిసి బిగుసుకున్న నైలాన్ ముడి విప్పడానికి నేను వాడేది అదే. అలుగు తుప్పు పట్టదు, పండు కోసినా వాసన రాదు. కానీ ఆ ఉక్కు కాస్త మెత్తన, పదును త్వరగా తగ్గుతుంది. పైగా తెరిచిన అలుగుకు స్ప్రింగు పట్టే తప్ప బిగింపు లేదు కనుక గట్టి కర్ర మీద నొక్కి పని చేస్తే వేలికి ప్రమాదం. నా చూపుడు వేలి మీద ఉన్న మచ్చకు కారణం జామకొమ్మ మీద దీన్ని బలవంతపెట్టిన నా తొందరపాటే.

పనిని బట్టి తూకం వేస్తే ఇంతవరకూ లెక్క తేలికగానే ఉంది. అంటు కట్టడానికి నాన్నగారి కత్తికి సాటి లేదు, రెండు వైపులా వాలున్న ఒపినెల్ అలుగు పుల్ల మీద పక్కకు పోతుంది, స్విస్ చాకు దానికంటే వెనుక. తిండి పనికి, తోటలో పదిరకాల కోతలకు ఒపినెల్. ఊరు దాటి వెళితే, నగరంలో ఉద్యోగం చేస్తే స్విస్ చాకు. మొక్కలతో సంబంధం లేనివారు నన్ను అడిగితే సందేహించకుండా ఆ ఎర్ర చాకే కొనుక్కోమంటాను, ఎందుకంటే రోజువారీ జీవితంలో కోతకంటే విప్పడం, బిగించడం, తెరవడం ఎక్కువ.

మమకారం దగ్గరికి వచ్చేసరికి ఈ వరుస తలకిందులవుతుంది. బావగారు ఇచ్చిన స్పార్టన్ ఎర్ర పిడి మీద ఆయనే సూదితో నా పేరులోని మొదటి అక్షరం గీశారు. కొన్నేళ్ళకు ఆ పిడి రేకు పగిలింది. విక్టోరినాక్స్‌కు విడిభాగాలు సులువుగా దొరుకుతాయి కనుక సంతోషంగా కొత్త రేకులు తెప్పించి వేయించాను, చాకు కొత్తదానిలా మెరిసింది. ఇంటికి వచ్చాక ఆ గీత కోసం బొటనవేలు వెతికింది. పాత రేకు చెత్తలో కలిసిపోయింది. బాగుచేసుకునే వీలు ఉండడం పనిముట్టుకు గొప్ప గుణమే కానీ, గుర్తు నిలిచే చోటే మారిపోతే ఆ చాకు మళ్ళీ ఎవరిదీ కాని చాకు అవుతుంది. తర్వాత బావగారికి చెబితే, ఇంకోసారి గీసిస్తాను పంపించమన్నారు, నేనింకా పంపలేదు. ఒపినెల్ ఇందుకు భిన్నంగా నా చేతి కిందే రంగు మారుతోంది. ఆరేళ్ళలో అలుగు మీద నీలి బూడిద రంగు పరుచుకుంది, పిడి చెమటకు ముదిరి తేనె రంగుకు తిరిగింది. ఆ మరకల్లో ఏది మామిడిదో, ఏది నిమ్మదో నేను చెప్పగలను. తుప్పు పట్టని ఉక్కులో ఈ లెక్క రాసుకునే గుణం లేదు.

పేరు విషయంలో మాత్రం స్విస్ చాకు నా మనసు కరిగిస్తుంది. 1909లో తల్లి విక్టోరియా మరణించాక ఎల్సెనర్ తన సరుకుకు ఆమె పేరు పెట్టుకున్నాడు, 1921లో తుప్పు పట్టని ఉక్కు వచ్చినప్పుడు దాని సంకేతమైన ఇనాక్స్ అన్న మాట ఆ పేరుకు చేరింది. లోకమంతా జేబుల్లో మోస్తున్న ఆ పేరులో సగం ఒక అమ్మ పేరు.

ఇక పోగొట్టుకునే భయం. రోజూ మోసే వస్తువు ఏదో ఒకరోజు పోతుంది. ఒక పెళ్ళికి వెళుతూ నాన్నగారి కత్తిని చేతిసంచి అడుగున మరచిపోయాను. విమానంలో మనతో పాటు లోపలికి కత్తి తీసుకెళ్ళనివ్వరని తెలిసి కూడా జరిగిన పొరపాటు అది. తనిఖీ బల్ల దగ్గర ఆ కత్తిని తీసి పక్కన పెట్టినప్పుడు నా నోట మాట రాలేదు. అది నాన్నగారిదని చెబితే ఆ ఉద్యోగి ఒక్క క్షణం దాన్ని చేతిలో తిప్పి చూసి, వెనక్కి వెళ్ళి లగేజీలో వేసి రమ్మన్నాడు. కౌంటరు మూసే వేళకు పరుగెత్తి వేసి వచ్చాను. ఆ గంట నాకు పోలిక నేర్పింది. స్విస్ చాకు పోతే డబ్బు పెట్టి అలాంటిదే తెచ్చుకోవచ్చు, ఒపినెల్ పోతే బాధపడి ఇంకొకటి కొని మళ్ళీ మరకలు పట్టించుకోవచ్చు. నాన్నగారి కత్తికి అలాంటి దారి లేదు, చేసిన కమ్మరీ లేడు.

అందుకని నా తీర్పు ఇలా స్థిరపడింది. ఊరు దాటితే స్పార్టన్, అదీ లగేజీలోనే. తోటలో రోజూ ఒపినెల్. నాన్నగారి కత్తి నర్సరీ గుమ్మం దాటదు, వానాకాలంలో అంట్లు కట్టే రోజుల్లో మాత్రమే తెరుచుకుంటుంది, పెట్టెలో మాత్రం పడుకోదు. మిగతా కోతలు దానితో చేయను గనుక సాన పట్టవలసిన అవసరం ఏడాదికి రెండు మూడుసార్లకు తగ్గింది. ఆ లెక్కన నడుమ మిగిలిన 13 మిల్లీమీటర్లు నా కాలానికీ, ఆ తర్వాత మా అమ్మాయి కాలానికీ సరిపోతాయి.

ఎవరికైనా చాకు బహుమతిగా ఇవ్వాలనుకునేవారికి మాత్రం ఈ మూడింటిలో కార్బన్ ఒపినెల్ మేలని చెబుతాను, తీసుకున్నవారి చేతి గుర్తు దానిమీద పడుతుంది గనుక. మా ఇంట్లో కత్తిని చేతి నుంచి చేతికి అందించకూడదు, కింద పెడితే ఎదుటివారు తీసుకోవాలి, లేకపోతే గొడవలొస్తాయంటారు. ఫ్రాన్సులోనూ చాకు ఊరికే ఇస్తే స్నేహం తెగుతుందని, తీసుకున్నవారు బదులుగా ఒక నాణెం చేతిలో పెడతారని మా అక్క కొడుకు చెప్పాడు. పోయిన దసరాకు ఆయుధపూజ పీట మీద మూడు చాకులకూ పసుపు కుంకుమ పెట్టాక, మా అమ్మాయికి కొత్త 8వ నంబరు ఒపినెల్ పీట మీదే ఉంచి చూపించాను. అది అందుకుని, తన పర్సులోంచి రూపాయి బిళ్ళ తీసి అదే చోట పెట్టింది. తర్వాత నాన్నగారి కత్తి వైపు చూసి, దీనికి ఎంత ఇవ్వాలని అడిగింది. అంటు కట్టడం నేర్చుకుంటే చాలన్నాను. ఈ ఆషాఢంలో ఆ కత్తితో పది మామిడి అంట్లు కట్టింది, ఆరు చిగురించాయి.