హోప్‌టన్ హౌసా, డంఫ్రీస్ హౌసా?

స్కాట్లాండ్‌లో ఒక్క పాత భవంతికే టైమ్ ఉందంటే నా మనసు ఈ రెండింటి మధ్యే ఊగుతుంది.

ఖర్చు, శ్రమ: హోప్‌టన్ ఎడిన్‌బరాకు దాదాపు 20 కిలోమీటర్లే, పూట చాలు. డంఫ్రీస్ హౌస్ ఎయిర్‌షైర్‌లో కమ్‌నాక్ దగ్గర, రోజంతా దానికే, దారి ఖర్చూ ఎక్కువే.

కట్టడం: హోప్‌టన్‌ను 1699లో వాస్తుశిల్పి విలియం బ్రూస్ మొదలుపెట్టాడు, 1721 నుంచి మరో వాస్తుశిల్పి విలియం ఆడమ్ దాన్ని రెండు వైపులా రెక్కలు చాచినట్టు పెంచాడు, ఆయన పోయాక కొడుకులు లోపలి గదులు పూర్తి చేశారు. అందుకే ముందు ఆడమ్ ఆర్భాటం, వెనక బ్రూస్ నిదానం. బ్రూస్ కట్టిన ఎనిమిది పలకల మెట్ల గది దగ్గర కాసేపు ఆగండి, చెక్క మీద పూలూ పళ్లూ ఎంత లోతుగా చెక్కారో! పైకప్పు మీదికెక్కితే ఫోర్త్ నదీముఖం మీది వంతెనలు కనిపిస్తాయి.

డంఫ్రీస్ హౌస్ అలా అతుకులుగా పెరగలేదు. 1754–59లో ఆ విలియం ఆడమ్ కొడుకులే ఒకే ఊపులో కట్టారు, ఆనాటి పేరుమోసిన ఇంగ్లీష్ వడ్రంగి చిప్పెండేల్ చేసిన ఫర్నిచర్ ఆ గదుల కోసమే వచ్చింది. 2007లో ఆ ఫర్నిచర్ వేలానికి లారీల్లో బయల్దేరాక, అప్పటి యువరాజు చార్లెస్ చొరవతో 4.5 కోట్ల పౌండ్లకు ఇంటితో సహా కొని ఆపారు. తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

రిస్క్: హోప్‌టన్ చలికాలంలో మూసేస్తారు. డంఫ్రీస్‌లో లోపలికి గైడ్‌తోనే వెళ్లాలి, ముందే బుక్ చేసుకోండి.

ఎడిన్‌బరాలో ఒక్కరోజే ఉంటే, రాతి కట్టడమంటే ఇష్టమైతే హోప్‌టన్. గ్లాస్గో వైపు ఉండి, ఫర్నిచర్‌తో సహా చెక్కుచెదరని ఇల్లు చూడాలంటే డంఫ్రీస్.