హోస్టా, హ్యూకెరా: ఇంట్లో విత్తనం వేయాలా, పిలక తెచ్చి నాటాలా?

హోస్టా, హ్యూకెరా రెండూ ఆకుల అందం కోసం నీడలో పెంచుకునే మొక్కలు.

ఖర్చు: విత్తనాలు చవకే, ఒక్క ప్యాకెట్‌తో ట్రే నిండిపోతుంది, కానీ లైటు కూడా లెక్కేసుకోండి. పిలకలైతే ఒక్కోటీ కొనాలి, లేదా ఎవరైనా దుబ్బు విడదీసినప్పుడు అడిగి తెచ్చుకోవాలి.

శ్రమ: నీడ మొక్కే కదా అని ట్రేని తీసుకెళ్ళి చీకటి మూలన పెట్టేస్తారు చూడండి, అక్కడే దెబ్బ, మొలకలు సన్నగా సాగిపోయి వాలిపోతాయి, ఇంట్లో రోజుకి 14-16 గంటలు లైటు కావాల్సిందే. హ్యూకెరా విత్తనం ధూళిలా ఉంటుంది, పైన మట్టి కప్పకుండా ఊరికే చల్లేయాలి. హోస్టా 20-24 డిగ్రీల్లో రెండు మూడు వారాల్లో మొలుస్తుంది. పిలకకి ఈ తంటాలేం లేవు.

రిస్క్: తడి ఎక్కువైతే నారుకుళ్ళు, రాత్రి నిలబడి ఉన్న మొలక పొద్దున్నకి మొదట్లో మెత్తబడి పడిపోయి ఉంటుంది. పైగా హైబ్రిడ్ హోస్టా విత్తనం తల్లిలా రాదు, తల్లి ఆకులకుండే ఆ తెల్ల అంచుల మీద ఆశ వదులుకోండి. పిలక అచ్చం తల్లే, కాకపోతే తల్లికి వైరస్ ఉంటే అదీ వెంటే వస్తుంది.

టైమ్: విత్తనం హోస్టా గుబురుగా అవ్వాలంటే మూణ్ణాలుగేళ్ళు.

చెట్ల కింద పెద్ద జాగా నింపాలి, ఓపికుంది అంటే విత్తనమే. ఒక ఆకు చూసి మనసు పడ్డారా, పిలక. హెల్లెబోర్ (ఇదీ నీడలో పెరిగే పూలమొక్కే) విత్తనం మాత్రం మొలవడానికి ముందు వెచ్చదనం, తర్వాత చలి అడుగుతుంది, కొత్తవాళ్ళు దాని జోలికి పోకండి.