జీప్ చెరోకీ ఎక్స్‌జే ఫైవ్ స్పీడ్: హైవే మీద ఆర్‌పీఎం ఎంత, మైలేజీ ఎంత

అమెరికాలో సెకండ్ హ్యాండ్ చెరోకీ కొన్న మనవాళ్లకి మొదటి వారంలోనే వచ్చే అనుమానం ఇది: ‘ఐదో గేర్‌లో 65 మైళ్ల స్పీడ్‌లో పోతున్నా ఆర్‌పీఎం ముల్లు 2,000 దాటట్లేదు, బండిలో ఏమైనా తేడా ఉందా?’ ఏ తేడా లేదు. 4.0 లీటర్ల పెట్రోల్ ఇంజిన్, మాన్యువల్ గేర్‌బాక్స్ ఉన్న పాత ఎక్స్‌జే మోడల్ చెరోకీకి లెక్క అదే. ఈ రివ్యూ ఆ జోడీ గురించి మాత్రమే, ఆటోమేటిక్ సంగతి వేరు.

కంపెనీ మాన్యువల్ బళ్లకి యాక్సిల్‌లో సాధారణంగా 3.07 రేషియో (చక్రం ఒక చుట్టు తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలో చెప్పే అంకె) పెట్టింది, ఆటోమేటిక్‌కి 3.55. మాన్యువల్‌లో వచ్చే ఏఎక్స్-15 గేర్‌బాక్స్‌లో ఐదో గేర్ రేషియో 0.79. రెండూ గుణిస్తే 2.43. అంటే చక్రం ఒక చుట్టు తిరిగేసరికి ఇంజిన్ రెండున్నర చుట్లు కూడా తిరగదు. కంపెనీ సైజు 225/75ఆర్15 టైరు మైలుకి సుమారు 735 చుట్లు తిరుగుతుంది. దాన్నిబట్టి ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) 65 మైళ్ల దగ్గర 1,930, 70 దగ్గర 2,080, 75 దగ్గర 2,230 వస్తాయి. మీ మీటర్ వందో నూటయాభయ్యో అటూ ఇటూ చూపిస్తే కంగారు అక్కర్లేదు. 70 దగ్గర 2,500 దాకా పోతుంటే మాత్రం ఎవరో యాక్సిల్ గేర్లు మార్చారు, లేదా క్లచ్ జారుతోంది. నాలుగో గేర్‌లో 40 మైళ్ల దగ్గర ఒక్కసారిగా గట్టిగా తొక్కండి. స్పీడ్ పెరగకుండా ముల్లు ఒక్కటే లేస్తే అది క్లచ్చే.

రేషియో ఎంతో అమ్మేవాడి మాట మీద వదిలేయొద్దు. వెనక డిఫరెన్షియల్ మూత బోల్టుకి చిన్న రేకు బిళ్ల ఉంటుంది, దాని మీద అంకె కొట్టి ఉంటుంది. తుప్పుకి ఊడిపోయి ఉంటే ముందు చక్రాలకి రెండువైపులా అడ్డు పెట్టి, గేర్ న్యూట్రల్‌లో, ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు చక్రాలకి కూడా శక్తి పంపే పెట్టె) 2హెచ్‌లో, అంటే టూ వీల్ డ్రైవ్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ దించి, వెనక ఒక్క చక్రాన్నే జాకీతో లేపి కింద స్టాండ్ పెట్టండి. ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద సుద్దతో గీత గీసి చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. షాఫ్ట్ మూడు చుట్లు తిరిగి ఇంకొంచెం ముందుకొస్తే 3.07, మూడున్నర తిరిగితే 3.55. రెండో చక్రం నేల మీద ఉండబట్టే ఈ లెక్క కుదురుతుంది. లిమిటెడ్ స్లిప్ (రెండు చక్రాలూ వేర్వేరుగా తిరగకుండా పట్టి ఉంచే ఏర్పాటు) ఉన్న యాక్సిల్‌కి ఇది పనికిరాదు.

ఇండియాలో స్కార్పియో, సఫారీ డీజిల్ నడిపిన చేతికి 2,000 దగ్గర టర్బో ఊపు అలవాటు. ఇక్కడ టర్బో లేదు. అయినా వరసగా ఆరు సిలిండర్లున్న ఇంజిన్ కాబట్టి చదును రోడ్డు మీద 1,900 దగ్గర వణుకు లేకుండా లాగుతుంది. 50 మైళ్ల లోపు ఐదో గేర్ వేస్తేనే 1,500 కిందకి పడి గేర్ రాడ్ గడగడలాడుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు నాలుగో గేర్‌కి దించండి, 65 దగ్గర 2,450 వస్తుంది. కొలరాడోలో ఐ-70 మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ వైపు ఎక్కుతుంటే 11,000 అడుగుల ఎత్తులో గాలి పలచబడి ఇంజిన్ బలం తగ్గుతుంది. అక్కడ 55 మైళ్ల దగ్గర మూడో గేర్‌లో 3,000 తిప్పినా ఇంజిన్‌కి ఏమీ కాదు. ఐదో గేర్‌లోనే కాలు అదిమిపెట్టి ఈడ్చడమే తప్పు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పోస్తుంది, తక్కువ ఆర్‌పీఎం వల్ల మిగిలిందంతా అక్కడే పోతుంది.

ఇక మైలేజీ. టైర్లు కంపెనీ సైజువై, ట్యూనింగ్ సరిగ్గా ఉండి, 65లో నడిపితే గ్యాలన్‌కి 20 నుంచి 22 మైళ్లు ఆశించొచ్చు. మన లెక్కలో లీటరుకి ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది కిలోమీటర్ల పైచిలుకు. 75కి పెంచితే 18 వచ్చినా ఆశ్చర్యం లేదు. బండి ఆకారం అగ్గిపెట్టె. 65 నుంచి 75కి పోతే గాలి ఆపే బలం మూడో వంతు పెరుగుతుంది. ఆర్‌పీఎం పెరిగేది 300 మాత్రమే, జేబుకి చిల్లు పెట్టేది గాలి. 87 ఆక్టేన్ చాలు, ప్రీమియం పోయడం దండగ.

ఈ బండిని ఎక్కువగా పాడుచేసేది 31 అంగుళాల టైర్ల మోజు. 3.07 అలాగే ఉంచి అవి వేస్తే 65 దగ్గర 1,770కి పడిపోతుంది, చిన్న ఫ్లైఓవర్‌కి కూడా నాలుగో గేర్ కావాలి. ఆ టైర్లే కావాలంటే 3.55 పెట్టించండి, 2,050కి వస్తుంది. 4.10 అయితే 2,370. రోజూ హైవే మీద తిరిగేవాళ్లకి మా ఓటు 3.55కే. ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ముందు, వెనక యాక్సిళ్లు రెండూ మార్చాలి. ఒకటే మార్చి 4హెచ్ (ఫోర్ వీల్ డ్రైవ్) వేస్తే ట్రాన్స్‌ఫర్ కేస్ ముక్కలవుతుంది.

పెద్ద టైర్లతో ఓడోమీటర్ కూడా తక్కువ చూపిస్తుంది. మీటర్‌లో 300 మైళ్లంటే నిజంగా తిరిగింది 327 దాకా. 16 గ్యాలన్లు పట్టిందనుకుంటే మీటర్ లెక్కన 18.75, అసలు మైలేజీ 20.4. ‘టైర్లు వేశాక మైలేజీ సగానికి పడిపోయింది’ అనేవాళ్లలో చాలామంది ఈ తేడా కలపరు. ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక ఉండే ప్లాస్టిక్ స్పీడోమీటర్ గేర్‌ని సరిపడా పళ్లున్న దానితో మార్చాలి. మార్చేటప్పుడు దాని హౌసింగ్ మీద రాసిన పళ్ల రేంజ్ చూసి ఆ ప్రకారమే తిప్పి బిగించాలి, లేకపోతే పళ్లు అరిగిపోతాయి.

కంపెనీ టైర్లతోనే మైలేజీ 15కి పడితే ముందు టెంపరేచర్ ముల్లు చూడండి. హైవే మీద 210 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర నిలబడాలి. 160, 170 దగ్గరే ఆగితే థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోయింది, 195 డిగ్రీలది వేయండి. చల్లగా ఉన్న ఇంజిన్‌కి కంప్యూటర్ పెట్రోల్ పోస్తూనే ఉంటుంది. తర్వాత ఇంజిన్‌కి దగ్గరగా ఉన్న ఆక్సిజన్ సెన్సర్, ఆ తర్వాత ప్లగ్గులు. గ్యాప్ 0.035 అంగుళం. పది మైళ్లు నడిపి చక్రాలు ఒక్కొక్కటీ చేత్తో చూడండి, ఒకటి మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే బ్రేక్ పట్టేస్తోంది.

కొనేముందు గేర్‌బాక్స్ సంగతి తేల్చుకోండి. 1987 నుంచి 1989 మధ్య బళ్లలో ప్యూజో బీఏ-10/5 ఉండొచ్చు, కేస్ మధ్యలో పొడవునా అతుకు కనిపిస్తే అదే, వదిలేయండి. 1993 దాకా వచ్చిన ఏఎక్స్-15లో క్లచ్ స్లేవ్ సిలిండర్ (పెడల్ తొక్కితే క్లచ్‌ని విడదీసే చిన్న హైడ్రాలిక్ సిలిండర్) లోపల ఉంటుంది, కారితే గేర్‌బాక్స్ దించాల్సిందే. 1994 నుంచి అది బయటే ఉంది. 2000, 2001 మోడళ్లలో 0331 నంబర్ సిలిండర్ హెడ్ మూడు, నాలుగు సిలిండర్ల మధ్య పగులుతుంది. ఆయిల్ పోసే మూత తీసి టార్చ్ వేసి లోపలికి చూడండి. మజ్జిగ రంగు జిడ్డు కనిపిస్తే ఆయిల్‌లో కూలెంట్ కలిసినట్టే, బేరం ఆడకుండా వెనక్కి రండి. ఏఎక్స్-15లో పోయాల్సింది జీఎల్-3 75డబ్ల్యూ-90 గేర్ ఆయిల్, దాదాపు మూడుంపావు క్వార్టులు. షాపులో సులువుగా దొరుకుతుందని జీఎల్-5 పోస్తే గేర్లు సాఫీగా పడేలా చేసే లోపలి ఇత్తడి సింక్రో రింగులు దెబ్బతిని, రెండో గేర్‌కి దించినప్పుడల్లా కర్రుమంటుంది.