వెట్టర్లీ రైఫిల్ కొనేవాళ్లూ, బోల్ట్ విప్పిన ఫొటో చూడకుండా డబ్బు కట్టకండి

కోపంతో ఇంకా చేతులు వణుకుతున్నాయి, రాతలో తప్పులుంటే క్షమించండి. శనివారం పార్సిల్ వచ్చింది. స్విస్ సైన్యం వాడిన వెట్టర్లీ రైఫిల్, 1871 మోడల్. 900 డాలర్లు, షిప్పింగ్ అదనం. టెక్సాస్‌లో పాత మిలిటరీ రైఫిళ్లు కొనే మన తెలుగువాళ్లలో చాలామందికి ఈ అమ్మకందారు తెలుసు. పేరు రాయను. ఆయన దగ్గర కొన్నవాళ్లకు చదవగానే అర్థమవుతుంది.

కొత్తవాళ్ల కోసం ఒక్క మాట. వెట్టర్లీ రిమ్‌ఫైర్. దాని 10.4 మిల్లీమీటర్ల తూటాలో నిప్పు రాజేసే మందు అడుగున అంచు మడతలో ఉంటుంది. అందుకే బోల్ట్‌లో (తూటాను లోపలికి తోసి వెనక నుంచి మూసే కదిలే భాగం) ఉండే పిన్ పంగలకర్రలా రెండు మొనలతో ఉంటుంది, ఆ అంచును రెండు పక్కలా ఒకేసారి కొడుతుంది. ఆ తూటాలు ఫ్యాక్టరీల్లో ఆగిపోయి దశాబ్దాలైంది. కాల్చాలనుకున్నవాళ్లు, పిన్ మధ్యలో కొట్టేలా సెంటర్‌ఫైర్‌కు మార్పిస్తారు. మంచి పనివాడు అసలు భాగాల జోలికి పోడు. వేరే ముక్క తయారుచేసి బిగిస్తాడు, పాతవి గుడ్డలో చుట్టి చేతికిస్తాడు. ఎప్పుడు కావాలంటే అప్పుడు తుపాకీని మళ్లీ పాత రూపానికి తెచ్చుకోవచ్చు.

నాకు చెప్పింది కూడా ఇదే. మూడుసార్లు అడిగాను. "అసలు భాగాలు అలాగే ఉన్నాయి, పెట్టెలో పెడతాను" అన్నాడు. ఫొటోలో ఆ రెండు మొనల పిన్ రైఫిల్ పక్కనే, నల్లగుడ్డ మీద మెరుస్తూ కనిపించింది. ఆ ఫొటో చూసే డబ్బు పంపాను.

పెట్టె విప్పాను. రైఫిల్ ఉంది, పాత భాగాలు లేవు. అడుగున ఎక్కడో ఉంటాయని కాగితాలన్నీ తీసి చూశాను. చివరికి బోల్ట్ బయటికి తీసి లైటు కింద పెట్టాను. అది అసలు బోల్టే. దాని ముఖం మీద పక్కలనున్న రెండు రంధ్రాలు వెల్డింగ్‌తో పూడ్చేసి, మధ్యలో కొత్త రంధ్రం తొలిచారు. అది కూడా సరిగ్గా మధ్యలో లేదు, కంటికే తెలుస్తోంది. దాదాపు నూట యాభై ఏళ్లు చెక్కుచెదరకుండా నిలబడ్డ వస్తువు అది. దాన్ని అలా చూస్తే కడుపు రగిలిపోయింది.

వెంటనే ఫోన్ చేశాను. ఆయన గొంతులో తడబాటు లేదు. "ఆ ఫొటో మార్పు చేయకముందు తీసింది. అయినా నీకు కావాల్సింది కాల్చడానికేగా, పాత ముక్కలెందుకు?" అన్నాడు. మరి ఇస్తానన్నారు కదా అంటే, "రాతలో ఎక్కడుందో చూపించు" అని పెట్టేశాడు. తర్వాత నా ఫోన్ ఎత్తలేదు. నిజమే, రాతలో లేదు. అన్నీ ఫోన్‌లోనే మాట్లాడుకున్నాం. ఒక్క మెసేజ్ పెట్టి ఉంటే ఈ రోజు నా చేతిలో ఆధారం ఉండేది. ఆ తప్పు నాది.

సోమవారం గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే పనివాడు) దగ్గరికి తీసుకెళ్లాను. మందు, గుండు లేకుండా ప్రైమర్ (పిన్ కొడితే నిప్పు రాజేసే చిన్న మూత) ఒక్కటే ఉన్న ఖాళీ తూటా గొట్టంతో పరీక్షించాడు. పిన్ దెబ్బ ఒక పక్కకు పడింది, ప్రైమర్‌కు చిల్లు పడింది. అసలు తూటా అయ్యుంటే వేడి గ్యాస్ వెనక్కి, నా ముఖం వైపు వచ్చేదని చెప్పాడు. పెట్టెలో అమ్మినాయనే సొంతంగా నింపిన ఇరవై తూటాలు కూడా ఉన్నాయి, లోపల ఏ మందు పోశాడో డబ్బా మీద లేదు. వెట్టర్లీ నల్లమందు కాలం నాటిది, ఇప్పటి పొగలేని మందు ఒత్తిడికి కట్టింది కాదు. వాటిని ముట్టుకోవద్దన్నాడు. "గతవారమే కాల్చాను, బ్రహ్మాండంగా ఉంది" అని అమ్మింది ఈ తుపాకీనే. మా పిల్లాడిని కూడా రేంజ్‌కు తీసుకెళ్లాలనుకున్నాను. అది తలచుకుంటే నిద్ర పట్టడం లేదు.

1898లో గానీ అంతకు ముందు గానీ తయారైనవి ఇక్కడ ఫెడరల్ చట్టం లెక్కలో యాంటిక్‌లు కాబట్టి చాలామంది నేరుగా ఇంటికే తెప్పించుకుంటున్నారు. మధ్యలో డీలర్ చూసేది ఉండదు. కాబట్టి డబ్బు కట్టే ముందు బోల్ట్ విప్పించి, ముఖం దగ్గరగా కనిపించేలా, పక్కన ఆ రోజు తేదీ రాసిన చీటీతో ఫొటో అడగండి. పాత భాగాలు ఇస్తున్నారా లేదా రాతలో తీసుకోండి. కార్డుతోనే కట్టండి. నేను కార్డుతో కట్టడం వల్ల నిన్న డిస్ప్యూట్ (డబ్బు వెనక్కి ఇప్పించమని కార్డు కంపెనీకి ఫిర్యాదు) వేయగలిగాను, జవాబు ఇంకా రాలేదు.

చెడగొట్టని 1871 బోల్ట్ ఎవరి దగ్గరైనా అమ్మకానికి ఉంటే చెప్పండి. రైఫిల్ నా దగ్గరే ఉండిపోయినా సరే, దాన్ని మళ్లీ దాని రూపానికి తేవాలని ఉంది.